నీలం దారం కప్పు

కాగితాలక్కకు పాఠం చెప్పడం మీద విసుగు లేదు. పాఠం చెప్పే చోటికి చేరడం మీదే విసుగంతా. రెండు బస్సులు, ఒక వంతెన, ఆ పైన ప్రతి వృద్ధుల హోముకీ తప్పకుండా ఉండే మెట్లు. ముసలివాళ్ళుండే ఇళ్ళకు ఇన్నేసి మెట్లు కట్టినవాడికి మోకాళ్ళంటే ఏమిటో తెలిసి ఉండదని ఆమె నమ్మకం. యాభై తొమ్మిదేళ్ళ ఒంటికి భుజాన ఒక సంచీ, సంచీలో నలభై ఫారాలు, చాక్‌పీసులు, అన్నం డబ్బా. ఆ సంచీ వల్లే ఆ పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

చదివింది ఆరో తరగతి, అదీ సగమే. ఇరవై రెండో ఏట హోములో ఆయాగా చేరి ఇరవై ఆరేళ్ళు ముసలివాళ్ళ వీపులు రుద్దింది. అలాంటి మనిషి చట్టం గురించి పాఠాలు చెప్పడమేమిటని మూతి తిప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. మూతులు తిప్పడానికి చదువు అక్కర్లేదు కాబట్టి తిప్పనిమ్మని ఊరుకుంది.

జరిగిందేమిటంటే, పదకొండేళ్ళ కిందట, ఎవరి సంగతి వాళ్ళనే తేల్చుకోనివ్వాలనే ఆ చట్టం కొత్తగా వచ్చినప్పుడు పై ఆఫీసు నుంచి ఒక పెద్దావిడ వచ్చి మూడు గంటలు ఉపన్యాసం ఇచ్చింది. ఆయాలందరూ కళ్ళు తెరుచుకునే నిద్రపోయారు. ఆ ఉద్యోగంలో మొట్టమొదట అబ్బే విద్య అదే. అయ్యాక దుప్పట్లు ఉతికే చోట ఒక ఆయా, "ఇంతకీ ఆవిడ ఏమందే?" అని అడిగితే, ఈమె దుప్పటి పిండుతూనే చెప్పేసింది.

"ఏముందీ! ముసలాళ్ళని అడగమంది. అర్థమయ్యేలా అడగమంది. వాళ్ళు చెప్పింది మనకి నచ్చకపోతే నోరు మూసుకోమంది. నిజంగా చెప్పలేనివాళ్ళయితే వాళ్ళకి ఏది మంచో చూడమంది, మనకి ఏది సులువో కాదు. అంతే."

మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చిన పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నది. మూడు గంటలు తను మోసిన మూటను ఈమె అర నిమిషంలో విప్పి ఆరేసేసరికి, ఆవిడకు కోపం రాలేదు సరికదా, నెల తిరక్కుండా ఈమెను పాఠాలు చెప్పే పనికి పిలిపించుకుంది. అప్పటినుంచీ ఇదే తిరుగుడు. ఇంట్లో కూతురు మాత్రం, "లోకమంతా ఎవరిష్టం వాళ్ళదని చాటింపు వేసొస్తావు. ఇంటికొచ్చి నా జడ ఎలా ఉండాలో నువ్వే చెబుతావు. ఈ చట్టం మన గుమ్మం దాటి లోపలికి రాదా అమ్మా?" అని దెప్పుతుంది.

ఆ రోజు వెళ్ళాల్సింది తను ఇరవై ఆరేళ్ళు చేసిన హోముకే. గోడలకు రంగు మారింది. మెట్లు మారలేదు. భోజనాల గదిలో బల్లలు ఫినాయిలు గుడ్డతో అప్పుడే తుడిచారు, మోచెయ్యి ఆనిస్తే చల్లగా అంటుకుంటోంది. పద్నాలుగు మంది కూర్చున్నారు. అందులో ముగ్గురు రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా ఉండిపోయినవాళ్ళు. పాత ముఖం ఒక్కటీ లేదు. మేనేజరు వచ్చి రెండేళ్ళయింది. నలభై ఏళ్ళవాడు, మడత నలగని చొక్కా, జేబులో మూడు పెన్నులు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. తొందర మనుషులు చేసినంత నష్టం చెడ్డవాళ్ళు చెయ్యలేరని కాగితాలక్క అనుభవం.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీ హోముల్లో వచ్చిన చిక్కేంటో తెలుసా? ఇక్కడ అడక్కుండానే పెడతారు, అడక్కుండానే కడుగుతారు, అడక్కుండానే పడుకోబెడతారు" అని ఎప్పటిలాగే మొదలుపెట్టి ఎడమ చెయ్యి పైకెత్తింది. చట్టమంతా ఆమెకు ఐదు వేళ్ళే. "బొటనవేలు. ఎవరికైనా సరే, తన సంగతి తాను తేల్చుకునే తెలివి ఉందనే ముందు అనుకోవాలి. లేదని చూపించాల్సింది మనం, ఉందని చూపించాల్సింది వాళ్ళు కాదు."

పొడుగాయా అని పిలిచే ఒకామె ఆవులింత మింగి చెయ్యెత్తింది. "అన్నీ అడుగుతూ కూర్చుంటే పొద్దుటి టిఫిను సాయంత్రం పెట్టాలక్కా. పూటకి మేము ముగ్గురం, వాళ్ళు నలభై ఇద్దరు."

"సరే, పెళ్ళిచూపుల్లో నిన్నడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"ఏమీ చెప్పలేదు, తల దించుకున్నా."

"మాట్లాడలేదు కాబట్టి దీనికి తెలివి లేదు, మనమే తేల్చేద్దాం అన్నారా?"

"అలాగే అన్నారక్కా. అందుకేగా ఇలా ఉన్నా!" అంది పొడుగాయా. గదంతా నవ్వింది. నిద్రపోయేవాళ్ళు లేచారు. ఏ ఊరి హోములోనైనా ఈ చోట నవ్వు వస్తుంది. కాగితాలక్క కూడా నవ్వింది, నూటపదహారోసారి నవ్వినట్టు.

మూడో వేలు దగ్గరకు వచ్చేసరికి వంటావిడ టీ ట్రే తెచ్చింది. ముందు వరసల్లో మామూలు కప్పులు. చివరి వరసలో ఆరు కప్పులు వేరుగా, పిడికి చుట్టూ నీలం దారం ముడి.

కాగితాలక్క చెయ్యి, వేళ్ళు తెరిచినది తెరిచినట్టే, గాలిలో ఉండిపోయింది.

"అవేంటి?"

"అవి మాకు కాదక్కా, పేషెంట్లవి" అంది పొడుగాయా. "నీలం దారం ఉంటే అడగక్కర్లేదు."

"ఏం అడగక్కర్లేదు?"

"ఏదీ. పంచదార కావాలా వద్దా, స్నానం ఇప్పుడా తర్వాతా, ఏదీ. వాళ్ళకి తెలీదు కదా. అందరికీ పోశాక ఆఖర్న మిగిలిన టీ పోసి ఇచ్చేస్తాం."

"ఎవరు చెప్పారు మీకు?"

"మా ముందున్నవాళ్ళు. వాళ్ళకి వాళ్ళ ముందున్నవాళ్ళు. ఇక్కడ ఎప్పటినుంచో ఉన్న పద్ధతే."

ఎప్పటినుంచో కాదు. ముప్ఫై ఏళ్ళయి ఉంటుంది. అప్పట్లో మూలగదిలో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. కప్పు టీ తాగడానికి అరగంట పట్టేది. గుటకకూ గుటకకూ మధ్య గోడ వంక చూస్తూ కూర్చునేవాడు. కప్పులు కడిగేవాళ్ళు సగంలోనే లాక్కుపోయేవారు. అప్పుడు ఆయాగా ఉన్న ఈ కాగితాలక్కే తన యూనిఫాం అంచులోంచి ఒక నీలం దారప్పోగు లాగి ఆయన కప్పుకు కట్టింది. ఈ కప్పు దగ్గర తొందరపడొద్దని గుర్తు. అందరికీ పోసేశాక ఆఖర్న పోసి, ఇక వేరే పని లేకుండా పక్కన కూర్చోవడం కోసం ఆఖర్న పెట్టింది. నెల తిరిగేసరికి అలాంటి కప్పులు నాలుగయ్యాయి. ఆ తెలివికి తనను తనే మెచ్చుకుంది కూడా.

ఆమె వెళ్ళిపోయాక పక్కన కూర్చోవడం పోయింది, ఆఖర్న పొయ్యడం మిగిలింది. ఆఖరి టీలో అప్పటికే పంచదార కలిపేసి ఉంటుంది కాబట్టి పంచదార సంగతి అడగడం పోయింది. పంచదార అడగనివాళ్ళు పరదా సంగతి ఏం అడుగుతారు? ఒక్కొక్కటే పోయి, పోయి, ముడి ఒకటి మిగిలింది.

చెప్పాలా? ఎవరికీ తెలియదు. పాత ముఖం ఒక్కటీ లేదు. నాలుగో వేలు ఎత్తి పాఠం పూర్తిచేసి నాలుగున్నర బస్సు ఎక్కేస్తే అడిగేవాడు లేడు. మోకాళ్ళు కూడా అదే సలహా ఇచ్చాయి.

ఇంతలో మేనేజరు ఒక ఫారం పట్టుకుని వచ్చాడు. "మేము అన్నీ పద్ధతి ప్రకారమే చేస్తామండీ. ఇదిగో చూడండి, మీ పాఠానికి కూడా పనికొస్తుంది."

అది ఐదో గదిలో ఉండే టెలిఫోనావిడ ఫారం. ఆవిడ డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ముప్ఫై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఊళ్ళనూ ఊళ్ళనూ కలిపింది. మూడేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మింగడం కష్టమైంది. అన్నం తినడానికి ముప్పావుగంట, మధ్యలో దగ్గు. రెండుసార్లు ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. ఇక నోటితో వద్దు, పొట్టలోకి గొట్టం వేసి పాలూ జావా దాంతోనే ఎక్కిద్దామని డాక్టరు అన్నాడు. ఆవిడకు తేల్చుకునే తెలివి లేదని ఫారం నింపారు. నాలుగింటికి తమ్ముడు సంతకం పెడతాడు. రేపు పొద్దున్న ఆసుపత్రి. ఆ తర్వాత నోట్లోకి ఏదీ పోదు.

కాగితాలక్క చదవడం నెమ్మది. వేలు పెట్టి ఒక్కొక్క గీతా చదివింది. ప్రశ్న అడిగిన టైము పదకొండూ పది. ముగించిన టైము పదకొండూ పదమూడు. జవాబు: లేదు. వివరాలు: సంబంధం లేని మాటలు, "లైన్లో ఉండండి" అంటోంది.

"ఆవిడ కప్పుకి నీలం దారం ఉందా?"

"ఉందక్కా, మూడేళ్ళ నుంచీ" అంది పొడుగాయా.

కాగితాలక్క ఫారం మడిచి బల్ల మీద పెట్టింది. "ఆ దారం మొదట కట్టింది నేనే" అంది.

అందరూ ఇదీ పాఠంలో జోకే అనుకుని నవ్వబోయారు. ఆమె నవ్వలేదు. డ్రాయింగు మాస్టారి సంగతి, యూనిఫాం అంచు సంగతి, పక్కన కూర్చున్న సంగతి చెప్పింది. "ఈయన్ని ఏమీ అడగొద్దని కాదు. అడిగి కూర్చోమని. నేను కట్టి ఊరుకున్నాను, ఎందుకు కట్టానో ఎక్కడా రాసి పెట్టలేదు. రాయడానికి బద్ధకం."

"అంటే తప్పు పద్ధతి నేర్పింది మీరేనన్నమాట" అన్నాడు మేనేజరు. వెటకారంగా కాదు, లెక్క సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నేనే. పదండి, ఆవిడ్ని చూద్దాం."

ఐదో గదిలో కిటికీ పక్కన కుర్చీలో టెలిఫోనావిడ. జుట్టు బిగించి దువ్వారు, ఏ వైపు పాపిడి కావాలో అడిగి ఉండరు. తమ్ముడు అప్పుడే వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. లెక్కల మాస్టారుగా రిటైరయినవాడు, ఆయనకూ డెబ్బై. ఒళ్ళో పండ్ల సంచీ, అక్క తినలేదని తెలిసీ తెస్తాడు.

కాగితాలక్క కుర్చీ ముందుకు స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మా, ఎండ కళ్ళలో పడుతోందా? పరదా లాగమంటారా?"

టెలిఫోనావిడ ఆమె వంకే చూసింది. పెదవి కదల్లేదు.

"ఏం అడిగినా అంతేనమ్మా" అన్నాడు తమ్ముడు నీరసంగా. "మొదట్లో రోజూ వచ్చి అడిగేవాణ్ణి. అక్కా, ఎలా ఉన్నావు? అక్కా, నేను ఎవర్ని? ఉలకదు, పలకదు. గోడకి చెప్పుకున్నట్టు. ఇప్పుడు వారానికోసారి వస్తున్నా. అదీ..." అని సంచీ సర్దుకున్నాడు.

పొడుగాయా పక్క సరిచేసింది. మేనేజరు గడియారం చూసుకుని, ముందుకు వంగి, చెవిటివాళ్ళతో మాట్లాడినంత గట్టిగా అడిగాడు. "అమ్మా! నేనెవరో తెలుసా?"

"వద్దు" అంది టెలిఫోనావిడ. మాట ముద్దగా ఉన్నా స్పష్టంగానే వచ్చింది. "ఉండనీ."

"చూశారా? నేనెవరో అంటే వద్దంటోంది!"

"అది మేమంతా అనుకునేదే కదా సార్" అని పొడుగాయా గొణిగి, నాలుక కరుచుకుంది.

కాగితాలక్క నవ్వలేదు. పరదా వంక చూసింది, గోడ గడియారం వంక చూసింది. "మీకు కాదు సార్ జవాబు, నాకు. పరదా వద్దు, ఉండనీ అంటోంది. నేను అడిగి నాలుగు నిమిషాలయింది."

మేనేజరు కూడా గడియారం వంక చూశాడు.

"ఆవిడ మాట పోలేదు. ఆలస్యంగా వస్తోంది. వచ్చేసరికి మీరు ఇంకోటి అడిగేసి ఉంటారు. మీ ప్రశ్నకి ఆ జవాబు అతకదు, పిచ్చి అంటారు. లైన్లో ఉండండి అని కూడా చెప్పింది కదయ్యా, ఆగమని. ఇంకెలా చెప్పాలి పాపం? ఫారంలో రాసుకుని మరీ ఆగలేదు."

తమ్ముడి చేతిలో సంచీ జారి ఒక పండు మంచం కిందికి దొర్లింది. ఎవరూ తీయలేదు. "ఇంట్లో కూడా అదే మాట అనేది" అన్నాడాయన. "అన్నం పెట్టక్కా అంటే, లైన్లో ఉండరా అనేది. ప్రతివారం వచ్చాను. ఒక్కసారి నాలుగు నిమిషాలు ఊరుకుని ఉంటే..."

"ఇప్పుడు ఊరుకోండి, చాలు" అంది కాగితాలక్క. కసిరినట్టే అంది. జాలిపడే ఓపిక ఆమెకు ఆ పూట లేదు. "ఒక్కొక్క ప్రశ్నే అడుగుతాను. జవాబు వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. దగ్గొస్తే బయటికి పోయి దగ్గండి."

గొట్టం సంగతి చిన్న చిన్న మాటల్లో చెప్పింది. గొట్టం వేస్తే దగ్గు తగ్గుతుంది, నిమ్ము చేసే భయం కొంత తగ్గుతుంది, నోటికి రుచి ఉండదు. వెయ్యకపోతే రుచి ఉంటుంది, దగ్గూ ఉంటుంది, ప్రాణం మీదికి రావచ్చు. దాచకుండా చెప్పింది. "నేను చెప్పింది మీకేం అర్థమయిందో మీ మాటల్లో చెప్పండమ్మా" అని ఊరుకుంది.

ఊరుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో అప్పుడు తెలిసింది. రెండో నిమిషానికి మేనేజరు పెన్ను నొక్కడం మొదలుపెట్టాడు. కాగితాలక్క చూసిన చూపుకు జేబులో పెట్టేశాడు. మూడో నిమిషానికి పొడుగాయాకు దుప్పటి మీద లేని ముడతలు కనిపించాయి. ఐదో నిమిషం దాటాక జవాబు వచ్చింది.

"పొట్టలో గొట్టం... దగ్గు రాదు. నోరు... ఖాళీ."

"అదే. సరిగ్గా అదే. ఇప్పుడు చెప్పండి, మీకేం కావాలి?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. కాగితాలక్క మనసులో 'వద్దు' అనే మాట కోసమే కాచుకుని ఉంది. రోజూ ముప్పావుగంట కూర్చుని తినిపించే పొడుగాయా కూడా అంతే.

"గొట్టం... వెయ్యండి" అంది టెలిఫోనావిడ.

పొడుగాయా ముఖం చిన్నబోయింది. కాగితాలక్క అనుకున్న జవాబు కూడా ఇది కాదు. వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది. తనకు నచ్చిన జవాబు రావాలని కూర్చోవడం కూడా తప్పేనని పదకొండేళ్ళుగా ఊరూరా చెబుతున్నది తనే కదా.

"మేమూ అదే కదండీ అన్నది!" మేనేజరు ప్రాణం లేచొచ్చినట్టు లేచాడు. "ఇంతసేపూ కొండను తవ్వి..."

"కూర్చోండి. నోరు ఇంకా మూతపడలేదు."

నిజమే, పెదవులు ఇంకా దేనికోసమో వెతుక్కుంటున్నాయి. మేనేజరు కూర్చున్నాడు. బయట వరండాలో ఎవరో బక్కెట్టు ఈడ్చుకుపోయారు.

"టీ మాత్రం... నోటితో."

ఆ మాట డాక్టరు చెప్పలేదు, మేనేజరు అడగలేదు, తమ్ముడికి తోచలేదు, కాగితాలక్క ఐదు వేళ్ళ మీదా లేదు. గొట్టమా నోరా అని అందరూ రెండే దారులు పెట్టారు. ఆవిడ మూడోది తీసింది. ముప్ఫై ఏళ్ళు లైన్లు కలిపిన మనిషి మరి.

"టీ తాగినా నిమ్ము చెయ్యొచ్చమ్మా" అంది కాగితాలక్క. "కొంచెమైనా సరే, ప్రమాదం ప్రమాదమే. తెలిసే అంటున్నారా?"

"తెలుసు." ఈ జవాబుకు రెండు నిమిషాలే పట్టింది.

"ఫారంలో రెండే గళ్ళున్నాయండీ" అన్నాడు మేనేజరు. గొంతులో ఇందాకటి తొందర లేదు.

"ఆ రెండు గళ్ళూ ఉత్తిగా వదిలెయ్యండి. పక్కన బోలెడు తెల్ల కాగితముంది." కాగితాలక్క తన పెద్ద వంకర అక్షరాలతో అంచు పొడుగునా ఆ మాటలే రాసింది, పక్కన టైములు వేసింది. డాక్టరుతో మేనేజరే ఫోనులో మాట్లాడాడు. అవతల చాలాసేపు వాదన జరిగింది. చివరికి, టీ చిక్కగా చేసి చెంచాతో, ఎవరో ఒకరు పక్కన కూర్చుని, అదీ ప్రతిసారీ ఆవిడ సరేనంటేనే పట్టాలన్నాడు డాక్టరు. నాలుగింటికి తమ్ముడు పెట్టాల్సిన సంతకం ఐదింటికి అక్కే ఎడమచేత్తో పెట్టింది. ఆయన అట్ట పట్టుకున్నాడు. అక్షరం కుదరడానికి ఎంతసేపు పట్టినా ఆయన చెయ్యి కదల్లేదు.

నాలుగున్నర బస్సు పోయింది. ఐదుంపావుది ఉంది. కాగితాలక్క సంచీ భుజానికెత్తుకునేసరికి పొడుగాయా గుమ్మం దగ్గర అడ్డుపడింది. చేతిలో కత్తెర. "అక్కా, ఆ దారాలన్నీ కోసెయ్యనా?"

కాగితాలక్క గోడకు ఆనుకుంది. "కొయ్యకు. రేపట్నుంచి ఆ ఆరు కప్పులకీ ముందు పొయ్యండి. పంచదార కలపక ముందే. ఎందుకో పెద్ద అక్షరాలతో వంటింటి గోడ మీద రాసిపెట్టు. నాలా బద్ధకించకు."

"ముందు పోస్తే ఆలస్యమవుతుందక్కా."

"అవుతుంది" అంది కాగితాలక్క. పూటకి ముగ్గురు ఆయాలు, నలభై ఇద్దరు ముసలివాళ్ళు. ఆ లెక్క ఏ పాఠంతోనూ మారదు.

వెళ్తూ వెళ్తూ ఐదో గదిలోకి తొంగి చూసింది. నీలం దారం కప్పు కిటికీ గట్టు మీద ఉంది. మధ్యాహ్నం పోసిన టీ మీద మీగడ కట్టింది. "చల్లారిపోయిందమ్మా, వేరేది పెట్టించమంటారా?" అనేసింది, అలవాటు చొప్పున, ఒక కాలు గడప బయట ఉండగానే.

అని నాలుక కరుచుకుంది. అడిగాక పోవడానికి లేదు.

కాలు లోపలికి తీసుకుంది. సంచీ దించలేదు. దించితే మళ్ళీ ఎత్తుకోవాలి. గడియారం ఐదూ పది చూపించింది. మంచం కింద పండు ఇంకా అక్కడే ఉంది, తమ్ముడు వంగి తీసి తుడిచి సంచీలో వేసుకున్నాడు, మాట్లాడకుండా. వంతెన అవతల బస్సు హారను వినిపించింది. ఆగింది, మళ్ళీ మోగింది, దూరమైంది. తర్వాతది ఆరున్నరకు. కూతురు గుమ్మంలో నిలబడి తిట్టుకుంటూ ఉంటుంది.

టెలిఫోనావిడ పెదవులు కదిలాయి.

"పెట్టించు" అంది. కాగితాలక్క వంటింటి వైపు తిరగబోయింది. ఏదో తోచి ఆగింది. ఇంకొక నిమిషం గడిచింది.

"పంచదార... వద్దు. నాకు... ఎప్పుడూ వద్దు."

మూడేళ్ళు, రోజుకు రెండు కప్పులు. కాగితాలక్క సంచీ దించి, స్టూలు మీద కూలబడి, మోకాలు రుద్దుకుంటూ పొడుగాయాను కేకేసింది.